నాయినమ్మ బతుకు కథైన రాత్రి

జనగామ దిక్కు పల్లెల్లో ముసలమ్మ కన్నుమూస్తే ఆమె బతుకు రెండుసార్లు కథవుతుంది. పాడె లేవకముందు ఆడవాళ్ల శోకంలో ఒకసారి, దినాలనాటి రాత్రి ఒగ్గుడోలు ముందు మరోసారి. భూమి కోసం దొరను ఎదిరించిన పాలకుర్తి చాకలి ఐలమ్మకు విగ్రహాలున్నాయి, వర్ధంతులున్నాయి. ఆమె కాలంలోనే నాట్లేసి, కలుపు తీసి పోయిన మిగతా ఆడవాళ్లకు ఉన్న జీవితచరిత్ర ఇదొక్కటే.

శోకం వట్టి ఏడుపు కాదు, దానికో పద్ధతుంది. వరుస పెట్టి పిలిచి రాగమెత్తుతారు, ఒక సంగతి చెబుతారు, ఊపిరి తెగేచోట మళ్లీ ఆ వరుసతోనే ఆపుతారు. ఆ సందులో పక్కామె అందుకుంటుంది. బిడ్డ తల్లిగారింటి తొవ్వ మూసుకుపోయిందని ఏడుస్తుంది. కోడలి శోకం వేరు. మా నాయినమ్మ పోయిన పొద్దు మా చిన్నమ్మ శోకంలో కాన్పుకు కాపడం పెట్టిన చేతులొచ్చాయి, పత్తిచేను గట్టు మీద పంచుకున్న మక్కగటుక వచ్చింది, మాటపట్టింపుతో ఇద్దరూ పలకరించుకోని రోజులూ వచ్చాయి. బతికుండగా అత్తతో అనలేనిది కోడలు ఆనాడు అనొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. మహబూబాబాద్ లంబాడీ తండాల్లో పెండ్లిపిల్ల అయినవాళ్ల మెడ పట్టుకొని పాడే ఢావ్లో కూడా ఇలా ఏడుపును పాటగా మలిచిన విద్యే.

మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గువాళ్లను దినాలకు పిలవడం ఇక్కడ మామూలే. లింగాలఘనపురం మండలం మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూసేదాకా ఈ కళకు పెద్దదిక్కు. దేవుళ్ల కథలతో ఆగక సామాజిక విషయాలనూ ఒగ్గులో చెప్పినవాడు. దినాల కథకుడు ముందుగా ఇంటివాళ్ల దగ్గర కూర్చొని ఆరా తీస్తాడు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో, గోదావరి ప్రాణహిత కలిసేచోట అస్థికలు కలిపేటప్పుడు పేరు, గోత్రం చెబితే చాలు. ఇతనికి అవి చాలవు. ఏ ఊరి ఆడబిడ్డ, నాట్లలో పాటెత్తేదా, ఏ మనుమడంటే పాణం, అన్నీ కావాలి. రాత్రి కథ నడుమ డోలు దరువు తగ్గించి, కొంగు కప్పుకొని ఆమే అయిపోతాడు. కొడుకును పేరు పెట్టి పిలుస్తాడు. వంతవాళ్లు ఆ పేరునే అందుకొని సాగదీస్తారు. పాడె మోసేటప్పుడు కూడా ఏడవని మా పెదనాయిన అప్పుడు ఏడ్చాడు. మరుక్షణమే వంతవాడు ఆమె పొడుం డబ్బా ముచ్చట తీసి అందరినీ నవ్వించాడు. ఇంత దుఃఖాన్ని ఇంత ఒడుపుగా దించే విద్య ఇంకోటి నేను చూడలేదు.

ఒగ్గుకు బృందాలున్నాయి, నేర్పేవాళ్లున్నారు. నా దిగులంతా శోకం గురించే. పట్నంలో చదివిన మా చెల్లెళ్లకు గొంతెత్తాలంటే సిగ్గు. చిన్నమ్మను నేర్పమంటే, ఉత్తపుణ్యానికి ఇంట్లో శోకమెత్తితే అరిష్టమంటుంది. నేర్చుకోవాలంటే చావింటికి తన వెంట వచ్చి, పాడె లేచేదాకా ఆడవాళ్ల నడుమ కూర్చోవాలట. చిన్న చెల్లె ఇప్పుడు ఆమె వెంట పోతోంది.