థర్‌స్టన్ గ్రంథం నేటి విద్యార్థికి ఎంతవరకు ఉపయోగం?

దక్షిణ భారతంలోని తెగలను గురించి వ్రాయబూనినవారు మొదట తెరచే పుస్తకాలలో ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం ఒకటి. కె. రంగాచారి గారి సహాయంతో ఆయన కూర్చిన "దక్షిణ భారతపు కులాలు, తెగలు" 1909లో మద్రాసునుండి ఏడు సంపుటాలుగా వెలువడినది. విశ్వవిద్యాలయాలలో పరిశోధకులు నేటికీ దానిని ఉదాహరిస్తున్నారు. గుంటూరు, ప్రకాశం మైదానాలలో నివసించే ఎరుకలవారు, యానాదులు అందులో ఉన్నారు. కాబట్టి దాని గుణదోషాలను ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు తెలిసికొనుట అవసరం.

గుణం ముందు చెప్పవలెను. వివాహాచారాలు, ఇంటిపేర్లు, వృత్తులు, దేవతలు మొదలైన వివరాలు అక్షరక్రమంలో ఒకచోట చేరినవి. ఇంతటి సేకరణ సామాన్యమైన శ్రమ కాదు.

దోషం పద్ధతిలో ఉన్నది. మద్రాసు మ్యూజియం అధ్యక్షుడైన థర్‌స్టన్ మనుష్యుల తలలను, ముక్కులను కొలిచినాడు. ముక్కు వెడల్పును నూరుచే గుణించి పొడవుచే భాగించగా వచ్చేది నాసికా సూచిక. దానినిబట్టి తెగలను వరుసలో నిలుపవచ్చునని ఆనాటి నమ్మకం. 1912 నాటికే ఫ్రాంజ్ బోయస్, అమెరికాకు వలసవచ్చినవారి సంతానాన్ని కొలిచి, తల ఆకారం మార్పులేనిది కాదని వాదించినాడు. కొలత ఖచ్చితమైనంత మాత్రాన దానినుండి తీసిన సిద్ధాంతం నిజం కాదు.

ఎరుకలవారి విషయంలో ఈ దోషం మరింత హాని చేసినది. "కొరవ" అనే శీర్షిక క్రింద వారిని వర్ణించిన భాగంలో పోలీసు అధికారుల వ్రాతలకు చోటు దక్కినది. పోలీసుల కంటబడేది పట్టుబడినవారు మాత్రమే. ఆసుపత్రిలోని రోగులను లెక్కించి ఊరంతా జబ్బుపడినదని చెప్పడం ఎంత తప్పో, ఇదీ అంతే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడ వర్తించినది. ఆ దశకంలోనే బాపట్ల సమీపాన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడినది.

ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథం వేరొక వైపునుండి చూపినది. వీరు పశువులపై ఉప్పు, ధాన్యం మోసి వర్తకం చేసినవారు. రైలు మార్గాలు, ప్రభుత్వపు ఉప్పు విధానం ఆ వర్తకాన్ని దెబ్బతీసినవి. జీవనాధారం పోయినవారికి నేరం పుట్టుకతో వచ్చినదన్న ముద్ర పడినది. చట్టం 1952లో రద్దయినది. పుస్తకం మాత్రం బీరువాలో ఉన్నది. స్టూవర్టుపురం పిల్లవాడు కళాశాలలో చేరి దానిని తెరచినప్పుడు, తన తాతను గురించి ఏమి చదువును?

పుస్తకాన్ని దాచివేయుట పరిష్కారం కాదు. రెండింటిని పక్కపక్కన పెట్టి చదివించవలెను. ఇక మూడవ ఆధారం మనుష్యులే. ఎరుకలవారి ఇంటిభాష తమిళానికి దగ్గరైన ద్రావిడ భాష. ఈత ఆకుతోను, బద్దలతోను బుట్ట అల్లే నేర్పు వారిది. పొలంలో ఎలుక బొరియను గుర్తుపట్టే యానాది నేర్పు జంతుశాస్త్రానికి పనికివచ్చే జ్ఞానం. ఆ జ్ఞానాన్ని వారినుండి, వారి పేరుతో నేర్చుకొనవలెను. ఆ తెగల బిడ్డలే పరిశోధకులుగా ప్రశ్నలు వేసిననాడు, థర్‌స్టన్ విడిచిన ఖాళీలు పూడగలవు.