గేటు కర్ర ఎలా లేవాలి?

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి వైపు వస్తుంటే భిక్నూర్ దగ్గర టోల్ ప్లాజా తగులుతుంది. లారీ వచ్చి ఆగుతుంది, గేటు కర్ర లేస్తుంది, లారీ సాగిపోతుంది. ఎవరూ రెండోసారి తిరిగి చూడని దృశ్యమిది. దీన్నే త్రీడీలో కదిలించి చూపమంటే మాత్రం, చేసినవాడికి పని వచ్చో రాదో క్షణాల్లో తేలిపోతుంది. మన కుర్రాళ్లు చాలామంది మోడలింగ్ మీద, మెరుపుల మీద చూపే శ్రద్ధ కంట్రోలర్ల మీద చూపరు. యానిమేషన్‌కు ప్రాణం పోసేవి అవేనని నా వాదన.

చేత్తో బొమ్మలు గీసే రోజుల్లో పెద్ద యానిమేటర్ ముఖ్యమైన భంగిమలు గీసిచ్చేవాడు, మధ్య బొమ్మలు సహాయకులు పూరించేవారు. త్రీడీలో ఆ సహాయకుడి కొలువు కంట్రోలర్‌ది. త్రీడీఎస్ మ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వస్తువు స్థానం, కోణం, సైజు, దీపం వెలుగు, ఇలా కదిలించదగ్గ ప్రతి విలువనూ నడిపేది ఏదో ఒక కంట్రోలరే. మన గేటు కర్ర 24 ఫ్రేముల్లో, అంటే సినిమా లెక్కన ఒక్క సెకనులో, 90 డిగ్రీలు లేవాలనుకుందాం. లీనియర్ కంట్రోలర్ పెడితే ఫ్రేముకు 3.75 డిగ్రీల చొప్పున లేస్తుంది. బరువే లేనట్టు మొదలై, గోడకు కొట్టుకున్నట్టు ఆగుతుంది. బెజియర్ పెట్టి కదలికను గీతగా చూపే కర్వ్ రెండు కొసలనూ చదును చేస్తే, ఆరో ఫ్రేముకు 22.5 డిగ్రీలకు బదులు సుమారు 14 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కర్రకు బరువుందని కంటికి తెలిసేది ఆ ఎనిమిదిన్నర డిగ్రీల తేడాలోనే. ఆగాక కర్ర కొస కాస్త అదరాలంటే కంట్రోలర్లను కలిపి నడిపే లిస్ట్ కంట్రోలర్ కింద బెజియర్‌కు, వణుకు పుట్టించే నాయిస్ కంట్రోలర్‌ను జత చేసి, నాయిస్ ప్రభావాన్ని నిర్ణయించే వెయిట్‌ను పది ఫ్రేముల్లో సున్నాకు దించాలి. దించడం మరిచిపోతే కర్రకు చలిజ్వరం వచ్చినట్టే.

ఇక లారీ చక్రం. వ్యాసం ఒక మీటరు అనుకుంటే ఒక చుట్టుకు దాదాపు 3.14 మీటర్లు నడవాలి. బండికి విడిగా, చక్రానికి విడిగా కీలు (ఫలానా ఫ్రేములో ఫలానా విలువ అని చెప్పే గుర్తులు) పెట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట చక్రం రోడ్డు మీద జారుతుంది. ఒక విలువను మరోదానికి ముడివేసే వైర్ పారామీటర్‌తో నడిచిన దూరాన్ని చక్రం వ్యాసార్ధంతో భాగించి ఆ విలువను చక్రం కోణానికి కలిపితే, లారీని ముందుకు లాగినా వెనక్కి నెట్టినా చక్రం దానంతటదే లెక్క ప్రకారం తిరుగుతుంది. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇదే పని ‘డ్రైవర్’ అనే సాధనం చేస్తుంది.

లెక్కలకు అప్పగిస్తే కళాకారుడి చేయి ఏమైనట్టు అని కొందరి అభ్యంతరం. లారీ నడిపేవాడు సడన్ బ్రేకు కొట్టాడనుకోండి, చక్రం బిగుసుకుని బండి జారాలి. అక్కడ లెక్కను తెంచి చేత్తో కీలు పెట్టాల్సిందే. సూత్రం ఎక్కడిదాకా, చేయి ఎక్కడి నుంచి అన్న నిర్ణయంలోనే కళ ఉంది. డిస్నీ యానిమేటర్ల పాత సూత్రాలు త్రీడీకీ వర్తిస్తాయని యానిమేటర్ జాన్ లాసెటర్ 1987లోనే ఒక పరిశోధన పత్రంలో వివరించాడు. అంతదూరం ఎందుకు, 2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’ చూడండి. ఈగగా పుట్టిన నాయకుడికి మాట లేదు, మనిషి ముఖం లేదు. కోపమైనా పంతమైనా తల తిప్పడంలో, కాళ్ల కదలికలో, ఎగిరే వేగంలోనే తెలియాలి. దాని విజువల్ ఎఫెక్ట్స్ చేసిన మకుట సంస్థకు ఆ చిత్రం స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది.

నటుల ఒంటిమీది సూట్ ద్వారా కదలికను నమోదు చేసే మోషన్ క్యాప్చర్ వచ్చాక ఇదంతా దేనికన్నది మరో మాట. ఈగకు ఆ సూట్ తొడగలేం కదా! మనుషుల నుంచి తీసుకున్న కదలిక కూడా చివరికి ఫ్రేముకో కీ చొప్పున కర్వుల మీదికే చేరుతుంది. పాదం నేలలోకి దిగబడితే సరిచేయాల్సింది అక్కడే. కృత్రిమ మేధ ఇచ్చే కదలికకైనా, దర్శకుడు ‘చెయ్యి ఇంకాస్త ఆలస్యంగా లేపు’ అన్నప్పుడు కర్వ్ తెరిచి దిద్దగలవాడు కావాలి. ఒక్క విమర్శ మాత్రం ఒప్పుకుంటాను. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంట్రోలర్లకు పేర్లు పెట్టకపోతే, ఫైలు చేతులు మారాక చిక్కుముడి విప్పడం ఎవరి తరమూ కాదు.

బ్లెండర్ ఉచితం, ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్‌లోనూ ఈ గేటు కర్ర చేయొచ్చు. శిక్షణ ఇచ్చేవారు మొదటి నెలలో పాత్రల జోలికి పోకుండా గేటు కర్ర, చక్రం, ఈ రెండే చేయించాలి.