బేలర్ చుట్టిన గడ్డి, వాము మరిచిన చెయ్యి

కోత మిషన్ రైతు కూలి ఖర్చు తగ్గించింది కానీ గడ్డిని గాలికొదిలేసింది. కొడవలితో కోసిన రోజుల్లో మోపులు కళ్లానికి చేరేవి, నూర్పు కాగానే గడ్డి పక్కనే వాముగా లేచేది. ఇప్పుడు మిషన్ గింజ తీసుకుని గడ్డిని మడి పొడవునా వరసలుగా పారేసి పోతుంది. ఏరే మనిషి దొరకడు. రైతు అగ్గిపుల్ల గీస్తాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు రైలు ఉద్యోగాలకొచ్చి రాజ్‌కిశోర్ నగర్‌లో స్థిరపడ్డ మాలాంటి సిక్కోలు కుటుంబాలకు ఇది తెలియని సంగతి కాదు. బిలాస్‌పూర్ చుట్టుపక్కలంతా వరే. ఇక్కడి పల్లెల్లో పైరా అనేది మన ఎండుగడ్డే. 2019 తర్వాత అప్పటి ప్రభుత్వం ఊళ్లలో గౌఠాన్లు, అంటే పశువుల దొడ్లు, కట్టి, పశువుల మేతకు పైరా దానం చెయ్యమని రైతుల్ని కోరింది. ఇవ్వడానికి మనసున్నా మొయ్యడం కష్టం. వదులు గడ్డితో ట్రాలీ కొండలా కనిపిస్తుంది, తూస్తే బరువుండదు.

ఆ చిక్కు విప్పింది బేలర్. అమెరికాలో గ్యారీ వెర్మీర్ 1971లో పెద్ద గుండ్రటి చుట్టల మిషన్ తెచ్చాడు. మన మడుల్లో తిరిగేవి దానికి చిన్న తమ్ముళ్లు. ట్రాక్టర్ ముందుకు కదులుతుంటే వెనక ఇనుప పళ్లు గడ్డిని లేపి లోపలికి లాగుతాయి. రోలర్లు గట్టిగా చుడతాయి. నిండగానే పురికొస పడుతుంది, తలుపు తెరుచుకుని చుట్ట మళ్లోకి దొర్లుతుంది. ఒక మనిషి ట్రాలీలోకి ఎత్తగలిగే బరువే.

అయితే మిషన్ పని అక్కడితో సరి. వాము వేసే పెద్దలు కింద దుంగలు పరిచి, నడుమ ఎత్తు చేసి తొక్కుతూ, పోచల కొసలు బయటికి వాలేలా పేర్చేవారు. ఎంత వాన పడినా నీరు అంచుల వెంట జారిపోయేది. చుట్టకు ఆ వాలు లేదు. ఆరుబయట నేల మీద పడేస్తే పైనుంచి వానను, కిందనుంచి చెమ్మను పీల్చుకుంటుంది. పచ్చి ఆరకముందే చుట్టిస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఆ మేతను గొడ్డు ముట్టదు, ముట్టినా జబ్బే.

బేలర్ రావాల్సిందే, గడ్డి తగలబెట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. కాకపోతే మంచు విడిచి గడ్డి గలగలమన్నాకే చుట్టించండి. కింద దుంగలు, పైన రేకు ఉండేలా చూసుకోండి. కొనేవాళ్లకు ఒక్క మాట: లెక్కపెట్టి డబ్బులిచ్చే ముందు ఒక చుట్ట విప్పి నడిమి గడ్డిని వాసన చూడండి.