తెర వెనక పాఠం

బడికి కళాకారుణ్ణి పిలిచి, గంటసేపు ఆడించి, శాలువా కప్పి పంపేయడం మనకు అలవాటు. పిల్లలు చప్పట్లు కొడతారు, ఫొటో దిగుతారు, మర్నాడు మళ్లీ మామూలు పాఠమే. తోలుబొమ్మల కళాకారుడు వచ్చిన రోజునైనా పిల్లల్ని తెర వెనక్కి తీసుకెళ్లాలి. అసలు పాఠం అక్కడుంది.

ముందు బొమ్మనే చూడండి. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగలాగి ఆరబెడతారు. అలా ఆరిన తోలు వెలుతురును పూర్తిగా ఆపదు, పూర్తిగా వదలదు. దాని మీద గీత గీసి, ఉలులతో రంధ్రాలు తొలుస్తారు. హారాలు, వడ్డాణం, చీర అంచు అన్నీ ఆ రంధ్రాలే. రంగు రెండు వైపులా అద్దుతారు. వెనక దీపం పెట్టినా రంగు వెలవెలబోకుండా, బొమ్మను ఎటు తిప్పినా సరిపోయేలా చేసుకున్న ఏర్పాటది. రంగుతోలు గుండా వచ్చిన వెలుతురు తెరమీద ఎర్రగా, పచ్చగా పడుతుంది. రంధ్రం గుండా వచ్చింది తెల్లగా మెరుస్తుంది. నగలు తళుక్కుమనడం వెనక ఉన్న కిటుకు ఇంతే.

ఇక కీళ్లు. భుజం దగ్గర, మోచేతి దగ్గర రెండు తోలుముక్కలను ఒకదానిమీద ఒకటి ఉంచి, రంధ్రంలోంచి దారం దూర్చి రెండు వైపులా ముడి వేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే వేలాడిపోతుంది. మొండేన్ని నిలువునా చీల్చిన బద్దలో ఇరికిస్తారు. చేతులకు వేరే పుల్లలుంటాయి. ఆడించేవాడు బద్దను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పుల్లలు కదుపుతూ, నోటితో సంభాషణ చెబుతూ, కాలితో చెక్కను తొక్కి చప్పుడు చేస్తాడు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తరతరాలుగా ఈ పని సాగుతోంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఈ బొమ్మను ఐదో తరగతి గదిలోకి తెస్తే ఏం జరుగుతుందో చూద్దాం. కిటికీలకు దుప్పట్లు కట్టి, తెల్లపంచె తెరగా బిగించి, దానికి నాలుగడుగుల వెనక ఒక్క బల్బు వెలిగించాలి. అట్టముక్కతో కోసిన బొమ్మను తెరకు ఆనిస్తే నీడ అట్టంతే ఉంటుంది. సరిగ్గా మధ్యకు, అంటే బల్బుకు రెండడుగుల దూరానికి తెస్తే నీడ రెండింతలవుతుంది. బల్బుకు అడుగు దూరంలో పెడితే నాలుగింతలు. పిల్లలు స్కేలుతో కొలిచి రాసుకోవచ్చు. నిష్పత్తి అనే మాట పలకకుండానే నిష్పత్తి చేతికి అందుతుంది. బొమ్మ బల్బు వైపు జరిగేకొద్దీ అంచులు మసకబారతాయి. కళాకారుడు బొమ్మను తెరకు అదిమి పట్టి ఆడించేది అందుకే.

అట్ట నీడ నల్లగా ఉండి, తోలుబొమ్మది రంగులో ఎందుకు పడుతుందని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. అప్పుడు పిల్లలకు తెల్లకాగితం, కాస్త కొబ్బరినూనె ఇవ్వండి. నూనె రాసిన చోట కాగితం వెలుతురును వదులుతుంది, రాయని చోట చాలావరకు ఆపుతుంది. పారదర్శకం, పాక్షిక పారదర్శకం, అపారదర్శకం అనే బరువైన మాటలు ఆ తర్వాత చెప్పినా ఇబ్బంది లేదు. కొబ్బరి ఈనెలు, దారం, పాత పెళ్లికార్డులు ఉంటే కీళ్ల పని కూడా అక్కడే నేర్చుకుంటారు.

తెలుగు వాచకానికీ ఇందులో చోటుంది. తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలైన కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క పుస్తకం చూసి మాట్లాడరు, అప్పటికప్పుడు అల్లుకుంటారు. నిలబడి పాఠం చదవమంటే తలదించుకునే పిల్లకు తెర చాటున కేతిగాడి గొంతు ఇచ్చి చూడండి.

బడిలో కళాకారులనే ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా 1969లోనే ఇందుకు ప్రభుత్వ పథకం పెట్టింది. మన దగ్గర 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం బొమ్మలాటతో బోధించడంలో టీచర్లకు శిక్షణ ఇస్తోంది. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. అయితే శిక్షణ పొందిన టీచరు ఉన్నంత మాత్రాన కళాకారుడి అవసరం తీరదు. ముడి ఎంత బిగించాలో చేత్తో చూపించగలిగేది ఆయనే.

ఖమ్మం జిల్లా పెనుబల్లి చుట్టుపక్కల బడులకు నిమ్మలకుంట దూరం. భద్రాచలం వైపు అడవి దగ్గర. అక్కడ కోయ డోలోళ్ల దగ్గర పడిగె ఉంది. గోత్రాల మూలపురుషుల బొమ్మలున్న గుడ్డ అది. దాన్ని ముందు పెట్టుకుని డోలు కొడుతూ వంశకథ పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కోయలోనూ తెలుగులోనూ ఆ కథలు చెప్పేవారు. 2022లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూశారు. ఉమ్మడి రాష్ట్రం 2004లో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టినప్పుడు, ఇంటి భాషలో చదువు సాగాలన్నదే ఉద్దేశం. పడిగె చెప్పే మనిషి తరగతిలో కూర్చుంటే ఆ పని ఇంకా తేలికవుతుంది.

హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. కళాకారుణ్ణి వార్షికోత్సవానికి పిలవకండి, మామూలు రోజున రెండు పీరియడ్లకు పిలవండి. వారం ముందే ఏ పాఠం నడుస్తోందో ఆయనకు చెప్పండి. తరగతి టీచరును గదిలోనే ఉంచండి. శాలువాకు బదులు రోజుకూలీ, దారిఖర్చులు ఇవ్వండి.