గోడలో గడ్డి

అడుసులో వరిగడ్డి ఎందుకు తొక్కుతారో తెలియాలంటే, గడ్డి వేయకుండా పెట్టిన మట్టిగోడను ఒక్క ఎండాకాలం చూస్తే చాలు. ఆరేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది, నిలువునా నెర్రెలిస్తుంది. ముక్కలుగా కోసి వేసిన గడ్డి దాన్ని పట్టి ఉంచుతుంది. మా ఊరి ముసలి మేస్త్రి అడుసును రెండు మూడు రోజులు మాగబెట్టేవాడు. ఉండ చేసి చూసి, వేళ్లకు అంటకుండా ఉంటేనే గోడెక్కించేవాడు. పైపూతలోకి మాత్రం ఊక. తొందరపెడితే, ‘నాననీయండి బాబూ, గోడ ఎక్కడికీ పోదు’ అనేవాడు.

సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐఐటీలో, భువనేశ్వర్ కేఐఐటీ వాళ్లతో కలిసి ఇలాంటి పనే మరో తీరున చేశారు. వరిగడ్డి, చెరకు పిప్పి, పత్తికట్టె లాంటివి తరిగి, సున్నపు జావలో కలిపి, అచ్చుల్లో కూరి ఇటుకలు తీశారు. బట్టీతో పనిలేదు. ఒకట్రెండు రోజుల్లో అచ్చు ఊడదీసినా, ఇటుక గట్టిపడటానికి నెల పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నం రాయి కావాలి కదా! 2021లో ఆ ప్రాంగణంలోనే వీటితో ఓ సెక్యూరిటీ గది కట్టారు.

దానికి ఇనుప చట్రం ఉంది, గోడలకు లోపలా బయటా సిమెంటు పూత ఉంది. అది చూసి పెదవి విరిచేవాళ్లుంటారు. నేను విరవను. కాల్చిన ఇటుకలో ఎనిమిదో వంతు బరువుండేదాన్ని స్లాబు మొయ్యమనడం ఏం న్యాయం? ఎండను, చప్పుడును ఆపితే చాలు. పాతిళ్లలోనూ కప్పు బరువు చాలాచోట్ల నిట్రాళ్లే మోసేవి. వాన నుంచి గోడను చూరు కాసేది.

నా పేచీ అల్లా వరిగడ్డితోనే. పాడి ఉన్న ఇంట్లో దాన్ని వ్యర్థం అంటే ఊరుకోరు. హార్వెస్టర్ కోసిన మళ్లలో తగలబెట్టేది ఉందనుకోండి, అది వేరే సంగతి. నన్నడిగితే ఇటుకకు పత్తికట్టే మేలు. ఎండిన కట్టెను పశువు ముట్టదు. గులాబీ రంగు పురుగు తలదాచుకునేదీ ఆ మోళ్లమీది కాయల్లోనే. అందుకే ఆఖరి తీత అయ్యాక రైతు నిప్పు పెడతాడు. పీకడానికి కూలి, తరగడానికి యంత్రం, తోలడానికి ట్రాక్టరు... ఇటుక గిట్టుబాటు తేలేది అక్కడే. తరిగే యంత్రమే చేలోకి వెళ్తే, మోపులు మోసే తంటా లేకుండా పొట్టు సంచులకెక్కి వస్తుంది.