బెండు కన్నా ముందు పిట్టను చూడు

చలికాలం పొద్దున బోధన్ బెల్లాల్ చెరువు కట్ట మీద కాసేపు నిలబడితే గాలం వేసేవాళ్లు రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకడు వచ్చీ రాగానే ఎర్రను గుచ్చి దారం విసిరేస్తాడు. ఇంకొకడు సంచీ పక్కన పెట్టి గొంతుక్కూర్చుంటాడు. కర్ర ముట్టుకోడు. నీళ్ల మీద ఏ పిట్ట ఎటు పోతోందో చూస్తుంటాడు.

వెంట వచ్చిన పిల్లగాడికి ఓపిక ఉండదు. "ఇన్ని పిట్టలున్నయి గదా కాకా, చేపలు బెదిరి పోవా?" అంటాడు. "ఏం పిట్టలో చూడు బిడ్డా" అంటాడు పెద్దాయన. గాలం విద్యలో సగం ఆ జవాబులోనే ఉంది.

నిజామాబాద్, బోధన్ ప్రాంతానికి నీళ్లతో సంబంధం పాతది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ నుంచి కాలువలు వచ్చాయి. కాలువల వెంట చెరుకు వచ్చింది. చెరుకును నమ్ముకుని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది కానీ చెరువులు మిగిలాయి. బెల్లాల్ చెరువు, నిజామాబాద్ ఖిల్లా పక్కనున్న రఘునాథ చెరువు, ఊరి బయట అలీసాగర్. చలికాలంలో వీటి మీద పిట్టలు వాలతాయి, నీళ్లలో బొచ్చె, రవ్వ, మోసు తిరుగుతాయి, తుంగలో కొర్రమట్ట పొంచి ఉంటుంది. పిట్టలు తిరిగే నీళ్లలో చేప ఎర అందుకుంటుందా అన్నదే ప్రశ్న.

పిట్టల్లో ముందు రెండు జాతులు తేల్చుకోవాలి. మునిగి చేపను తరిమేది ఒకటి, పైన తేలుతూ మేసేది ఒకటి. నీటికాకి మొదటి జాతి. గుంపుగా దిగితే చేపల మందను ఒడ్డువైపు నెట్టుకొస్తుంది. అప్పుడు తెల్లకొంగలు ఒడ్డున బారులు తీరితే వేట సాగుతోందని లెక్క. ఆ వేళ ఎంత మంచి ఎర వేసినా దండగే. ప్రాణభయంలో ఉన్న చేపకు ఆకలి ఉండదు. మూతికి పసుపు చుక్క ఉన్న బాతు, నుదుట తెల్లనామం ఉన్న నల్లటి నీటికోడి రెండో జాతి. బాతు తోక పైకెత్తి తల ముంచి నాచు కెలుకుతుంది. నీటికోడి మునిగినా అడుగు నాచు కోసమే ఎక్కువగా మునుగుతుంది. వాటి కింద చేప నిశ్చింతగా మేస్తుంది. అవి కెలికినప్పుడు లేచే పురుగూ నాచుముక్కా దాని నోటికే అందుతాయి కూడా.

పైన వచ్చింది బాతా నీటికాకా అన్నది చేపకు తెలియడానికి కన్ను ఒక్కటే ఆధారం కాదు. చేప ఒంటికి రెండు పక్కలా మొప్ప దగ్గర్నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీళ్లలో పుట్టే ప్రతి ఒత్తిడినీ అది పసిగడుతుంది. ఈత కొట్టే బాతు కాళ్ల కదలిక నిదానం, ఒకే తీరు. మీదికి దూసుకొచ్చే నీటికాకి కదలిక ఉరుకు. బొచ్చె, రవ్వ జాతికి మరో బలం కూడా ఉంది. వాటి గాలితిత్తికీ లోపలి చెవికీ నడుమ చిన్న ఎముకల గొలుసు ఉంటుంది కాబట్టి మిగతా చాలా చేపల కన్నా అవి బాగా వింటాయి.

వాసన సంగతి ఇంకా విచిత్రం. తేనెటీగల నాట్యాన్ని విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో మరో సంగతి బయటపెట్టాడు. మన రవ్వకు దూరపు చుట్టమైన ఒక చిన్న చేప చర్మానికి గాయమైతే అందులోంచి ఏదో పదార్థం నీళ్లలో కలుస్తుంది. అది సోకగానే మంద మొత్తం బెదిరి చెదిరిపోతుంది. నీటికాకి పోయాక కూడా ఆ తావులో బెండు కదలకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. అలాంటప్పుడు అక్కడే కూర్చుని విసుక్కునే కన్నా తావు మార్చడం మేలు.

ఇక మనిషి చేసే అలజడి. గాలం దగ్గర మాట్లాడొద్దని పిల్లలను కసురుతాం గానీ గాలిలో పుట్టిన మాట నీళ్లలోకి దాదాపుగా దిగదు, పైనుంచే తిరిగి పోతుంది. అసలు ముప్పు కాలు. కట్ట మీద దబదబ నడిస్తే ఆ అదురు మట్టిలోంచి నీళ్లలోకి పోతుంది. నీళ్లలో చప్పుడు గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పరుగెత్తుతుంది. కాబట్టి ముచ్చట పెట్టుకోండి, కాలు మాత్రం ఆడించకండి.

గొంతుక్కూర్చోవడంలోనూ కిటుకుంది. చేప కింది నుంచి చూస్తే పై లోకమంతా ఒక గుండ్రటి కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. నీటిమట్టానికి దగ్గరగా ఉన్నవన్నీ ఆ కిటికీ అంచున నలిగిపోయి సన్నగా అగుపిస్తాయి. నిలబడ్డ మనిషి ఎత్తుగా కనబడతాడు, కూర్చున్నవాడు అంచులో కలిసిపోతాడు. గాలి తోలినా, పక్కన నీటికోళ్లు తిరుగుతున్నా ఆ కిటికీ చెదురుతుంది. నిశ్చలమైన నీళ్ల కన్నా సన్నటి అలలున్న నీళ్లలో చేప ఒడ్డుకు దగ్గరగా రావడం అందుకే. అద్దంలా ఉన్న చెరువు చూడ్డానికి బాగుంటుంది, గాలానికి బాగుండదు. అయితే అలలున్నా లేకున్నా తలమీద నీడ పడితే చేప ఉండదు. పొద్దు వీపు వెనక ఉంటే మన నీడ ముందే నీళ్లలోకి దిగుతుంది.

అన్ని అలజడులూ బెదిరించేవి కావు. బర్రెలు దిగి బురద కెలికితే ఆ మడ్డినీళ్ల అంచుకు చిన్న చేపలు మేతకొస్తాయి. పశువులు కాసే పిల్లలు వాటి వెనకే గాలం వేయడం ఊరికే కాదు. కప్ప టప్పున దూకిన చప్పుడైతే తుంగలో ఉన్న కొర్రమట్ట ఉరికొస్తుంది. దానికది భోజనపు పిలుపు. కొర్రమట్ట గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రాక తప్పదు కాబట్టి దాని జాడ కూడా అలల్లోనే దొరుకుతుంది. కానీ ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన బుడబుడమంటూ కనిపిస్తే కింద తల్లో తండ్రో కాపలా ఉన్నట్టు. మీదికి ఏది వచ్చినా కరవబోతుంది కాబట్టి పట్టడం తేలిక. తెలిసినవాడు గాలం చుట్టేస్తాడు. కాపలా పోతే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలే.

వలవాళ్లు ఇదే విద్యను తిరగేసి వాడతారు. వల కట్టి, అవతల నుంచి కర్రలతో నీళ్లు బాదుతూ వస్తారు. నీటికాకుల గుంపు చేసే పనీ అదే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పలేం. చెరువు మీద హక్కు మత్స్యకారుల సంఘానిది కనుక సరదాకు గాలం పట్టేవాళ్లు ముందు వాళ్లను అడగాలి. అడిగితే లాభమూ ఉంది. ఏ మూల లోతుందో, ఏ తూము దగ్గర మోసు దొరుకుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఈ విద్యకు పెట్టుబడి లేదు. ఖరీదైన కర్రలు, రీళ్లు కొన్నా పిట్టను చూడ్డం రాకపోతే సంచీ తేలికగానే ఉంటుంది. నేర్చుకున్నవాడికి ఇంకో అలవాటు దానంతటదే వస్తుంది: తెగిన నైలాన్ దారాన్ని ఏరి జేబులో వేసుకోవడం. అది కాలికి చుట్టుకుంటే నీటికోడి చస్తుంది. నీటికోడి లేని చెరువులో కబురు చెప్పేవాళ్లుండరు.

పొద్దెక్కింది. నీటికాకులు ఒక్కొక్కటే లేచి ఎండుమోడు మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. వేట ముగిసింది. అవతలి మూల తుంగ పక్కన మూడు బాతులు తోకలెత్తి మేస్తున్నాయి. పెద్దాయన లేచి, అడుగులో అడుగేసుకుంటూ ఆ మూలకు నడిచాడు. పిల్లగాడు ఈసారి ఏమీ అడగలేదు. చెప్పులు విడిచి చేతబట్టుకుని, మెల్లగా వెనకే నడిచాడు.