కనకాంబరం రంగు లైటు

ఇంట్లో నెట్ కంపెనీ మారిన సాయంత్రం ముందు ఫోన్లు కలుస్తాయి, ఆ వెనకే టీవీ. రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం దగ్గరికీ జరుపుకుంటూ టీవీలో పాస్‌వర్డ్ కొట్టడం విసుగే గానీ, కొట్టడానికి తెరంటూ ఒకటుంది. స్మార్ట్ స్పీకర్‌కు అదీ లేదు. పక్కగదిలోంచి పిలిచినా పలికే ఆ డబ్బాకు "ఇదిగో, కొత్త పాస్‌వర్డ్ ఇదీ" అని నోటితో చెప్పే దారి లేదు. అది తనంతట తాను గుర్తుపట్టేది చాలావరకు తన పేరొక్కదాన్నే. ఆ తర్వాత మనం అనేదంతా నెట్ మీదుగా ఎక్కడో ఉన్న సర్వర్లకు వెళ్లి, అక్కడ అర్థమై, జవాబుగా తిరిగి రావాలి. నెట్ లేనప్పుడు మన మాట దానికి వట్టి చప్పుడు.

ఇలాంటి స్పీకర్లలో ఒకటైన ఎకో అమెరికాలో 2014 నవంబర్‌లో బయటికొచ్చింది, మన దేశంలో 2017 అక్టోబర్‌లో. మా వైపు ఇళ్లలోకి మాత్రం ఎక్కువగా సూట్‌కేసుల్లోనే వచ్చింది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో పిల్లలు చాక్లెట్లతో, విటమిన్ మాత్రల సీసాలతో పాటు తెస్తారు. బల్లపరుపు పిన్నులు మన సాకెట్‌లో పట్టవు కాబట్టి బజార్లో ఒక కన్వర్టర్ కొంటారు. తమ ఫోన్‌లో, తమ ఖాతాతో సెట్ చేసి, "అమ్మా, ఇక నువ్వు ఏది అడిగితే అది" అని చెప్పి విమానం ఎక్కేస్తారు. అది నిజమే, నెట్ మారనంత కాలం.

తెనాలిలో మా పిన్ని ఇంట్లో ఉన్నది అలాంటిదే. పిన్ని తెలుగు పంతులమ్మగా రిటైరైంది. పొద్దున సుప్రభాతం, వంట వేళకు ఘంటసాల, మధ్యాహ్నం కునుకుకు ముందు అన్నమయ్య కీర్తన; ఈ పట్టికలో తేడా వస్తే బాబాయికి కాఫీ ఆలస్యమవుతుంది. నెట్ మార్చిన మర్నాడు ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇది పొద్దుట్నించీ ఇంగ్లిషులో ఏదో గొణుగుతోందిరా. పాట పెట్టమంటే నెట్టు లేదంటోంది. నా ఫోన్లో వాట్సాప్ శుభ్రంగా వస్తోంది మరి!"

ఇలాంటప్పుడు "కనెక్ట్ అయిందా?" అని అడగకూడదు. ఎవర్ని అడిగినా అయిందనే అంటారు, ఫోన్ అయింది కదా. అడగాల్సింది లైటు రంగు. మొహం లేని యంత్రానికి ఆ వెలుగే మొహం. మనం చెప్పేది వింటున్నప్పుడు నీలం. కదలకుండా ఎర్రగా ఉంటే మైకు ఎవరో కట్టేశారు. దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డ కింద ఆ బటన్ నొక్కుకుపోవడం మామూలే. పసుపుపచ్చగా వెలిగి ఆరుతుంటే ఏదో సందేశమో పార్సిల్ కబురో వచ్చి కూర్చుందని. నారింజ రంగు గుండ్రంగా తిరుగుతుంటే "నన్ను ఎవరైనా నెట్‌తో కలపండి" అని. చిక్కల్లా ఏమిటంటే, పసుపుకూ నారింజకూ ఉన్న తేడా ఫోన్లో చెప్పించడం అంత తేలిక కాదు. బాబాయి పసుపంటాడు, పనిమనిషి ఎరుపంటుంది.

"పైన నాలుగు బటన్లుంటాయి పిన్నీ. ప్లస్సు, మైనస్సు, గీత కొట్టిన గుండ్రం, ఈ మూడూ ముట్టుకోకు. నాలుగోదాని మీద చుక్క ఉంటుంది."

"బొట్టు పెట్టినట్టుందే, అదేనా?"

"అదే. నొక్కి పట్టుకో. లైటు రంగు మారగానే వదిలెయ్."

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "కనకాంబరం రంగురా! చుట్టూ తిరుగుతోంది" అంది. అప్పట్నుంచి నేను ఎవరికి చెప్పినా నారింజ అనడం మానేశాను. మన ఇళ్లలో నారింజ అంటే తొక్క రంగో, లోపలి తొన రంగో తేల్చుకోవాలి. కనకాంబరం అంటే అందరికీ ఒకటే. "రాగానే వదిలెయ్" అన్న మాట కూడా గట్టిగా చెప్పాలి. కొన్ని మోడళ్లలో ఆ బటన్‌నే ఇంకాసేపు పట్టుకుంటే డబ్బా తన జ్ఞాపకమంతా తుడిచేసుకుని కొత్తదైపోతుంది.

ఇక్కడిదాకా సాఫీగానే నడిచింది. ఆ తర్వాతి పని ఫోన్‌లోని అలెక్సా యాప్‌లో: డివైసెస్‌లో డబ్బా పేరు నొక్కి, దాని సెట్టింగుల్లో వైఫై దగ్గర ఛేంజ్ అనేది నొక్కాలి. ఫోన్ డబ్బాకు దగ్గర్లో ఉండాలి, బ్లూటూత్, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉండాలి, వీపీఎన్ ఏదైనా ఉంటే తీసెయ్యాలి. పిన్ని ఫోన్లో అన్నీ ఉన్నాయి, యాప్‌తో సహా. లేనిదల్లా ఖాతా. డబ్బా పిన్ని కొడుకు, అంటే మా తమ్ముడి ఖాతా మీద ఉంది, వాడు డాలస్‌లో ఉన్నాడు. పిన్ని ఫోన్లో వాడి పేరుతో లాగిన్ కావాలంటే ఓటీపీ వాడి ఫోన్‌కు పోతుంది. తెనాలిలో పొద్దున పది దాటితే అక్కడ అర్ధరాత్రి కావస్తుంది. డబ్బా తెనాలిలో ఉంది, చేయాల్సిన చేతులు తెనాలిలో ఉన్నాయి, అనుమతి మాత్రం వేల మైళ్ల అవతల దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. ఈ స్పీకర్ల గురించి మాట్లాడేవాళ్లు మైకు నాణ్యత గురించీ, పాటల సంఖ్య గురించీ చెబుతారు గానీ, నేను చూసిన చిక్కుముళ్లలో ఎక్కువ ఇక్కడే పడ్డాయి.

అందుకే నేను యాప్ జోలికి పోకుండా ముందు వేరే దారి చూస్తాను. కొత్త రౌటర్‌కు పాత పేరూ పాత పాస్‌వర్డే పెట్టించడం. ఇది కొత్త కిటుకేం కాదు, నెట్ పని చేసేవాళ్లందరికీ తెలుసు. ఇంటివాళ్లకే ఎవరూ చెప్పరు.

ఎందుకు పనిచేస్తుందో చెప్పుకోవాలి. స్పీకర్ గుర్తుపెట్టుకునేది రౌటర్ డబ్బాను కాదు. దాని కంపెనీ ఏమిటో, అది అటక మీద ఉందో టీవీ వెనక ఉందో దీనికి అక్కర్లేదు. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, భద్రత ఏ రకం అన్నవి చాలు. ఇంకో సంగతి: మామూలు ఇళ్లలో ఉండే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా గాలిలోకి వెళ్లదు. పాస్‌వర్డ్‌నూ నెట్‌వర్క్ పేరునూ కలిపి, ఒకే లెక్కను 4096 సార్లు తిప్పి, ఒక తాళంచెవి తయారుచేసుకుంటుంది స్పీకర్. రౌటర్ కూడా తన దగ్గర అదే లెక్క కడుతుంది. ఆ చెవి ఇద్దరి దగ్గరా ఒకటేనని నాలుగు సందేశాల్లో తేల్చుకుంటారు, అంతే. పేరు కూడా ఆ లెక్కలో భాగమే కాబట్టి, పాస్‌వర్డ్ అదే ఉంచి పేరులో ఒక్క అక్షరం మార్చినా చెవి మారిపోతుంది. పేరూ పాస్‌వర్డూ రెండూ పాతవే అయితే కొత్త డబ్బా పాత డబ్బాగానే చెల్లుబాటవుతుంది.

పిన్నికి ఇదంతా చెప్పలేదు. 837 అన్నాను, అర్థమైపోయింది. మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ అంటే ఆకాశవాణి విజయవాడ. ఆ ఇంట్లో రేడియోలు ఎన్నో మారాయి. ఏది కొన్నా ముల్లు అక్కడికి తెస్తే భక్తిరంజని వచ్చేది. ఇప్పుడు రేడియో అదే ఉంది, మారింది స్టేషన్. స్టేషన్‌ను మళ్లీ 837కు తెచ్చుకుంటే ఇంట్లో ఎవరూ ముల్లు తిప్పక్కర్లేదు.

పాత పేరూ పాస్‌వర్డూ ఏమిటో కనుక్కోవడం ఒక పని. పాత రౌటర్‌ను నెట్ అబ్బాయి పట్టుకుపోయాడు. అదృష్టవశాత్తు బాబాయి ఆ రెండూ వెంకట్రామా క్యాలెండర్ వెనక రాసుకున్నాడు. ఇంగ్లిషు అక్షరాలు ఫోన్లో చదివించుకోవడం ఓపికతో కూడిన విద్య. బీ అంటే డీ అని వినిపిస్తుంది. చిన్న ఎల్‌కూ ఒకటికీ పెద్ద ఐకీ రాతలో తేడా ఉండదు.

"తర్వాత గుండు సున్నా."

"సున్నానా, ఓ నా?"

"మీ బాబాయి రాత. సున్నా అయితే కిందికి సాగదీస్తారు, ఇది గుండ్రంగా ఉంది. ఓ యే."

ముప్పయ్యేళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరికే పోదు.

కొత్త నెట్ అబ్బాయిని మళ్లీ పిలిపించారు. పేరు మార్చడానికి మొదట ఇష్టపడలేదు. "అమ్మా, కంపెనీ పేరే ఉండాలమ్మా, కంప్లైంట్ వస్తే మాకు తెలియాలి కదా" అన్నాడట. ఆ మాటలో పస లేదు. వాళ్లు లైన్‌ను గుర్తుపట్టేది ఖాతా నంబరుతో, ఇంట్లో గాలిలో తేలే పేరుతో కాదు. నేను ఫోన్లో నచ్చజెప్పాక వాడే తన ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి పాత పేరూ పాస్‌వర్డూ కొట్టాడు. పెద్ద అక్షరం చిన్న అక్షరం, మధ్యలో ఖాళీ, చివరి చుక్క, ఏదీ తేడా రాకూడదు. భద్రత డబ్ల్యూపీఏ2 దగ్గరే ఉంచమన్నాను. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 మంచిదే, కానీ అదొక్కటే పెడితే పాత స్పీకర్లు గడప దాటలేవు. పిన్ని ప్లగ్గు తీసి పెట్టింది. కాసేపటికి లైటు ఆరింది. "అలెక్సా" అంటే నీలంగా వెలిగింది. యాప్ లేదు, ఓటీపీ లేదు, డాలస్‌లో ఎవర్నీ లేపలేదు.

మన ఊళ్లలో నెట్ అబ్బాయిలకు ఒక అలవాటు ఉంది, కొత్త లైన్ వేయగానే ఇంటాయన పేరు నెట్‌వర్క్‌కూ, ఆయన సెల్ నంబర్ పాస్‌వర్డ్‌కూ పెట్టేస్తారు. పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు కావాలి, నంబరుకు 10 ఉన్నాయి, మరచిపోయే భయం లేదు. కానీ ఆ నంబరు పాలవాడి దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాకా అందరి దగ్గరా ఉంటుంది. పాత పేరు ఉంచుకోమని చెప్పే నేనే, పాత పాస్‌వర్డ్ ఇలాంటిదైతే మాత్రం ఉంచుకోవద్దంటాను. అప్పుడు ఒకరోజు కష్టపడి అన్నిటికీ కొత్తది నేర్పుకోవాల్సిందే.

కొన్నిళ్లలో రౌటర్ పేరు మార్చనివ్వరు, లేదా వైఫై ఇంటి ఓనరుది. అప్పుడు ఇంకో ఉపాయం. ఇంట్లో రెండో ఫోన్ తీసుకుని, దాని హాట్‌స్పాట్‌కు పాత పేరూ పాత పాస్‌వర్డూ పెట్టాలి. స్పీకర్ పాత ఇల్లే అనుకుని దానికి కలుస్తుంది. ఇక యాప్‌లోంచి తీరిగ్గా కొత్త నెట్‌కు మార్చుకోవచ్చు. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ పేరంటే ఆ ఫోన్ పేరే, కాబట్టి ఫోన్ పేరే మార్చాలి. మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అన్నది కూడా ఆన్ చేయాలి, లేకపోతే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన పరికరాలకు అది కనబడదు. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలావరకు ఆ కోవలోవే. స్పీకర్ కలిసిపోయి, వరండా బల్బు మాత్రం మొండికేసిందంటే ముందు చూడాల్సింది ఇదే. హాస్టళ్లలో, హోటళ్లలో బ్రౌజర్ తెరుచుకుని పేరూ ఓటీపీ అడిగే వైఫైతో మాత్రం ఈ స్పీకర్లకు చాలాసార్లు పొసగదు. దానితో కుస్తీ పట్టొద్దు, ఫోన్ హాట్‌స్పాటే మేలు.

గూగుల్ స్పీకర్ ఉన్నవాళ్లకు ఒకటే మాట: నెట్ మారబోతోందని తెలియగానే, పాతది పోకముందే గూగుల్ హోమ్ యాప్‌లో దాని వైఫై దగ్గర ఫర్గెట్ కొట్టండి. పాతది పోయాక అయితే చాలాసార్లు రీసెట్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

రీసెట్ అంటే గుర్తొచ్చింది. ఎవర్ని సలహా అడిగినా మొదట చెప్పేది అదే, "రీసెట్ కొట్టెయ్యండి అంకుల్". చెప్పేవాడికి సులువు. ఆ డబ్బాలో బాబాయి బీపీ మాత్రకు పెట్టుకున్న అలారం ఉంటుంది, పిన్ని ఏకాదశి రిమైండర్ ఉంటుంది. అవన్నీ ఎవరు మళ్లీ పెడతారు? అన్ని దారులూ మూసుకున్నాక చేయాల్సిన పనిని మొదటి మందుగా రాసే ఈ అలవాటు నాకు నచ్చదు.

తెనాలి డబ్బా విషయంలో చివరికి రీసెట్ చేయించింది మాత్రం నేనే, నెల తర్వాత, కావాలని. తమ్ముడి చేత వాడి ఖాతాలోంచి దాన్ని తీయించి, పిన్ని పేరుతో, పిన్ని సెల్‌కే ఓటీపీ వచ్చేలా ఖాతా తెరిపించాం. అలారాలు ముందే కాగితం మీద రాసుకున్నాం. ఈసారి బొట్టు బటన్, కనకాంబరం రంగు, యాప్, పాస్‌వర్డ్ అంతా పిన్నే చేసింది, నేను ఫోన్లో ఊ కొడుతూ ఉన్నాను.

డాలస్‌లో తమ్ముడికి ఒక్కటే ఇబ్బంది వచ్చిపడింది. ఇన్నాళ్లూ డబ్బా వాడి ఖాతాలోదే కాబట్టి, డ్రాప్ ఇన్ అనేది నొక్కి, ఇటు ఎవరూ ఎత్తకుండానే నేరుగా వాళ్లమ్మ హాల్లో మాట్లాడేవాడు. ఇప్పుడు పిన్ని తన యాప్‌లో వాడి పేరుకు అనుమతి ఇస్తేనే కుదురుతుంది. "అమ్మకు చెప్పి అది ఆన్ చేయించన్నయ్యా" అని నాకు మెసేజ్ పెట్టాడు. పిన్నికి చెప్పాను, ఎక్కడ నొక్కాలో కూడా చెప్పాను.

"తెలుసులేరా, చూశాను దాన్ని" అంది. "మధ్యాహ్నం ఇద్దరం నడుం వాల్చిన వేళ గదిలోంచి గొంతు వస్తే మీ బాబాయి ఉలిక్కిపడుతున్నారు. మామూలుగా ఫోన్ చేయమను వాణ్ణి."